వెనక్కి నడపని బండి

మా ముత్తాత పెద వెంగళరెడ్డి. ఆయన కొడుకు పుల్లారెడ్డి. పుల్లారెడ్డి కొడుకు రామకృష్ణారెడ్డి, మా నాయన. మా తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్న కాలంలో కలెక్టరు గిద్దలూరు వైపు క్యాంపు వస్తే గుడారాలు మా మామిడితోపులోనే వేసేవారు. ఆయన గుర్రాలకు ఉలవలు మా గాదెలోంచే పోయేవి. బేస్తవారిపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఏ తగువు వచ్చినా మా అరుగు మీదికి రాకుండా పోలీసుస్టేషను మెట్లెక్కేది కాదు. మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు విడిచి చేత పట్టుకునేవారని మా జేజి, నాయన వాళ్ళమ్మ, చెప్పేది. అది గొప్ప అని ఇప్పుడు నేను అనను. అట్లా ఉండేదని మాత్రం చెబుతున్నాను. ఆ ప్రాంతంలో మొదటి మోటారు మా ఇంటికే వచ్చింది. రెండోదీ మా ఇంటికే వచ్చింది. ఈ సంగతి ఆ రెండో దాని గురించి.

పోయిన నెలలో ఖాజా వచ్చాడు. మార్కాపురంలో పలకల వ్యాపారం చేసిన ఇంటివాడు, హైస్కూల్లో నా పక్క బెంచీ వాడు, ఇప్పుడు బెంగళూరులో ఇళ్ళ గోడలకు అంటించే రాయి అమ్ముతాడు. నేలకు జానెడెత్తున ఉండే ఎర్ర కారొకటి కొన్నాడు. మా గేటు దగ్గర ఎత్తుగా ఉన్న గడపరాయికి దాని పొట్ట గీసుకుని కీచుమంది. దిగి చూసుకుని, "మీ ఇంటికి రావాలంటే ఇప్పటికీ వొంగే రావాల మామా" అన్నాడు. కాఫీ తాగి, పాత సంగతులు చెప్పుకుని, సాయంత్రం బయలుదేరాడు. ముంగిట్లో తిప్పుకునే జాగా లేక వెనక్కి తీశాడు. మెడ తిప్పలేదు. ముందున్న చిన్న టీవీలో మా గేటు కనపడుతుంటే, అది కూ కూ అని చెబుతుంటే, ఒక చేత్తో తిప్పుకుంటూ పోయాడు. ఆ కారు వెనక్కి పోతూ దాని దీపాలు నా వైపు చూస్తుంటే నాకు నల్లమల ఘాట్ గుర్తుకొచ్చింది. ఇన్నేళ్ళలో ఖాజాతో ఆ రోజు గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. వాడూ ఎత్తలేదు.

రెండో మోటారును మా ఇంట్లో చిన్నబండి అనేవాళ్ళం. రైల్వేలో పనిచేసి ఇంగ్లండుకు తిరిగిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర తాత కొన్నాడు. రెండే సీట్లు, పైకప్పు లేదు, గుర్రం ముఖంలా పొడుగైన బానెట్టు, సైకిలు చక్రాలకుండేటట్టు తీగెల చక్రాలు. రంగు ముదురాకుపచ్చ. పరుగు కోసమే చేసిన బండి అది. మామూలు కార్లు ఏడ్చుకుంటూ ఎక్కే ఎత్తును అది పాడుకుంటూ ఎక్కేది. దాని కోసం తాత ఇంటి పక్కన ఒక షెడ్డు కట్టించాడు. ఆ షెడ్డుకు తూర్పున ఒక తలుపు, పడమట ఒక తలుపు. బండి తూర్పు తలుపులోంచి లోపలికి వస్తుంది, పడమటి తలుపులోంచి బయటికి పోతుంది. పదిమంది చూస్తుండగా మన బండి వెనక్కి నడవడం ఏందని తాత పట్టుదల. దారిలో కూడా అంతే. ఇరుకు దారిలో ఎదురుగా ఏది వచ్చినా, ఎద్దులబండి గానీ బస్సు గానీ, అదే పక్కకు తప్పుకోవాలి. తాత కాలంలో తప్పుకునేవి. నాయన కాలంలో కూడా, అలవాటు కొద్దీ, తప్పుకునేవి.

ఆ షెడ్డు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పెట్రోలు, పాత తోలు, చెదలు రాకుండా దూలాలకు పూసిన వేపనూనె. ఆదివారం పొద్దున జేజి పూజ గంట కొట్టడం అయిపోగానే నాయన పంచె ఎగగట్టి షెడ్డులోకి పోయేవాడు. తడిగుడ్డ, పొడిగుడ్డ, ఆ తర్వాత మెత్తటి తోలుముక్క. ఆ పని జీతగాళ్ళ చేత చేయించేవాడు కాదు. తుడిచినంతసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తుడవడం అయ్యాక ఇంజను పట్టించి, దాని గొంతు సర్దుకునేదాకా పక్కన నిలబడి వినేవాడు. ఊరి చివర చింతలబీడు దాకా పోయి చుట్టు తిరిగి వచ్చేవాడు. నాకు మీసాలొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాడు. క్లచ్చు, గేర్లు, మలుపులో ఎప్పుడు వదలాలి, ఎప్పుడు తొక్కాలి, అన్నీ. వెనక గేరు మాత్రం చూపించలేదు. అడిగితే, "దాంతో మనకేం పని" అన్నాడు. ఇంట్లోవాళ్ళు తప్ప దాని స్టీరింగు ఇంకొకరు పట్టకూడదన్నది రెండో కట్టుబాటు. ఖాజా చిన్నప్పటి నుంచీ అడిగేవాడు. ఒక్కసారి మామా, చింతలబీడు దాకా. నేను ఎప్పుడూ ఇవ్వలేదు. వాడు ఎప్పుడూ అలగలేదు.

నేను చెబుతున్న ఏడాదికి మాకు మిగిలింది ఇల్లు, చిన్నబండి, బత్తాయి తోట. వరసగా వానలు ఎగ్గొట్టాయి. తోటలో బోరు నోరు తడుపుకున్నట్టు కాసిని నీళ్ళు కక్కి ఆగిపోయేది. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి, పిందెలు రాలి చెట్ల కింద ఎండిన గోళీల్లా పడి ఉండేవి. ఆ చెట్లు నాయన సొంత చేత్తో పెట్టినవి. తాత ఇచ్చినవన్నీ ఒకటొకటిగా పోతుంటే చూస్తూ ఉన్న మనిషి, తాను స్వయంగా చేసిన పని అదొక్కటే అనుకునేవాడు. పక్క ఊళ్ళోకి అరవదేశం నుంచి బోరు లారీ వచ్చింది. అక్కడ పని అయిపోతే పామూరు వైపు పోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంకా లోతుకు వేయిస్తే పడతాయని నీళ్ళు చూసే ఆయన టెంకాయ అరచేతిలో పెట్టుకుని చెప్పాడు.

నాయన చిన్నబండి అమ్మడానికి ఒప్పుకున్నాడు. మా ప్రాంతం వాళ్ళకు అమ్మనన్నాడు, రోజూ కళ్ళబడుతుందని. కొండకు అవతల నంద్యాలలో బియ్యం మిల్లు ఆయన ఒకడు పాత బండ్లు సేకరిస్తాడని తెలిసింది. ఆయన ఒకటే మాట చెప్పాడు. బండి లారీ మీద ఎక్కి రాకూడదు, తన కాళ్ళ మీద తాను ఘాట్ ఎక్కి దిగి రావాలి. అలా వస్తేనే అది బండి, లేకపోతే ఇనుము. అదీ తాను చెప్పిన రోజు పొద్దుగూకేలోపల రావాలి. రాకపోతే కర్నూలులో చూసిపెట్టుకున్న ఇంకో బండి తీసుకుంటాడు. ఇంజను కొంచెం వేడెక్కితే మొండికేసే వయసు చిన్నబండిది. ఒకసారి ఉడికి ఆగిందంటే పూర్తిగా చల్లారేదాకా పలకదు. అందుకని మెల్లగా, నిదానంగా తీసుకుపొమ్మని నాయన చెప్పాడు. ఊళ్ళో ఎవరడిగినా మహానంది పోతున్నానని చెప్పమన్నాడు. నేను బయలుదేరిన పొద్దు ఆయన బండిని తుడవలేదు. షెడ్డులోకే రాలేదు.

గిద్దలూరులో నీళ్ళు పోసుకుందామని టీ అంగడి ముందు ఆపాను. అక్కడ ఖాజా ఉన్నాడు. వాడి కింద పసుపుపచ్చ రంగు రెండు సీట్ల కొత్త బండి. వాళ్ళ నాయన పలకల ఎగుమతిలో బాగా కలిసొచ్చిన ఏడాది కొనిచ్చాడు. దేశంలోనే తయారైంది, ఒళ్ళంతా ఫైబరు. మా నాయన దాన్ని ప్లాస్టిక్ బిందె అనేవాడు. ఎక్కడికి అంటే, కొత్తబండికి ఘాట్ చూపిద్దామని వచ్చానన్నాడు. నన్ను ఎక్కడికని అడగలేదు. మహానంది అని నేనే చెప్పాను. అంగడి దగ్గర జనం రెండు బండ్ల చుట్టూ చేరారు. ఏది ముందు కొండెక్కుతుందని వాళ్ళలో వాళ్ళే పందేలు మొదలుపెట్టారు. ముసలిది ఎక్కదన్నాడొకడు. ఖాజా నా ముఖం చూసి నవ్వి, హారను కొట్టి, బజారంతా వినపడేటట్టు దుమ్ము లేపుకుంటూ పోయాడు.

నేను మెల్లగా పోవలసినవాణ్ణి. దిగువమెట్ట చెక్‌పోస్టు దాకా మెల్లగానే పోయాను. అక్కడ గేటు దగ్గర వాడు ఆగి నా కోసం చూస్తున్నాడు. ఫారెస్టు గార్డు గేటెత్తుతూ, "ఏంది రెడ్డీ, బిందె ముందు పోతాంటే నువ్వు ఎనకాల వొస్తాండావు" అన్నాడు. నాయన పెట్టిన పేరు చెక్‌పోస్టు దాకా వచ్చిందన్నమాట. గేటు కర్ర పైకి లేచింది. నేను తొక్కాను.

మోదుగలు పూసిన కాలం అది. టేకు ఆకులన్నీ రాలిపోయి అడవి ఎముకల గూడులా ఉంటే, మధ్యమధ్య మోదుగపూలు నిప్పు అంటుకున్నట్టు ఎర్రగా ఉన్నాయి. రోడ్డు అప్పట్లో ఒకటిన్నర బండి వెడల్పు. ఒకవైపు కొండ, ఒకవైపు సున్నం కొట్టిన రాళ్ళు, వాటి అవతల కింద ఎక్కడో రైలు కట్ట. మొదటి మలుపులోనే వాణ్ణి దాటాను. రెండో మలుపు దగ్గర వాడు నన్ను దాటాడు. చిన్నబండి ముక్కు మలుపులోకి దూరిన ప్రతిసారీ వెనక చక్రాలు కంకర మీద జారి మళ్ళీ పట్టుకునేవి. వాడి బండి తేలిక, మలుపులో చటుక్కున తిరిగేది. నాది బలం, ఎత్తులో లాగేది. గాలికి కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. తోట గుర్తుంది. మిల్లాయన గుర్తున్నాడు. వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు జరుగుతోందని తెలుసు. అయినా కాలు తీయబుద్ధి కాలేదు. వాడి పసుపుపచ్చ తోక నా ముందు కనపడడం నాకు పడలేదు, అంతే. వాణ్ణి మళ్ళీ దాటి, ఇక ఈ ఎత్తు అయిపోతే దిగుడేనని, దిగుడులో ఇంజను చల్లబడుతుందని లెక్కవేసుకుంటూ పెద్ద మలుపు తిరిగాను.

మలుపులో వెదురు లారీ ఉంది. దిగుతూ వెడల్పుగా తిరిగి రోడ్డంతా ఆక్రమించింది. ఇద్దరం తొక్కిన బ్రేకుల వాసన ఒకేసారి వచ్చింది. నా బానెట్టుకూ లారీ బంపరుకూ మధ్య ఒక మనిషి అడ్డంగా నిలబడేంత జాగా మిగిలింది. లారీ వెనక వెదుళ్ళు బారుగా బయటికి వచ్చి ఉన్నాయి, వాటి వెనక నంద్యాల బస్సు, బస్సు వెనక ఇంకేవో. అది వెనక్కి పోలేదు. పోవలసింది నేనే. నా వెనక కాస్త దిగువన కొండను తొలిచి వెడల్పు చేసిన చోటుంది. ఖాజా అప్పటికే చురుగ్గా వెనక్కి తీసి అందులో ఒదిగాడు.

నేను కదల్లేదు. కదలకూడదనుకున్నాను మొదట. తాత అయితే ఏం చేసేవాడో అదే చేద్దామని స్టీరింగు పట్టుకుని నిటారుగా కూర్చున్నాను. లారీ డ్రైవరు హారను కొట్టి కొట్టి తల బయట పెట్టాడు. "ఏందన్నా, మీ బండికి వెనక గేరు పెట్టించుకోల్యా?" అన్నాడు. బస్సులోంచి దిగిన జనం నవ్వారు. అప్పుడు వెనక గేరు కోసం చెయ్యి వేశాను. కర్రను ఎత్తి ఎడమకు నెట్టాలని ఎక్కడో విన్నాను. అది గరగరమని అరిచింది, పడలేదు. ఇంకోసారి నెట్టాను. కాలు కొంచెం లేచింది. బండి తనంతట తాను కిందికి జారి, వెనక చక్రం సున్నం కొట్టిన రాయికి తగిలి ఆగింది. ఆ రాయి అవతల ఏమీ లేదు. కాలు మళ్ళీ బ్రేకు మీద అదిమాను. చేతిబ్రేకు ఆ ఎత్తులో నిలబడదు. కాలు తీస్తే లోయ, ఇంజను ఆపితే మళ్ళీ పట్టదు, ఆపకపోతే ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కుతోంది. రేడియేటరు మూత సందుల్లోంచి ఆవిరి సన్నగా లేవడం మొదలైంది. తొడ వణుకుతోంది. దాన్ని ఎవరూ చూడకుండా చేత్తో నొక్కిపెట్టాను.

ఖాజా పరిగెత్తుకుంటూ వచ్చాడు. పెద్ద రాయి ఒకటి తెచ్చి చక్రం వెనక పెట్టాడు. తలుపు మీద చేతులానించి, నాకు మాత్రమే వినపడేటట్టు మాట్లాడాడు.

"దిగు మామా. నేను తీస్తా."

"మా బండి మేము తప్ప ఎవరూ పట్టరు. నీకు తెలుసు."

"తెలుసు. పొద్దుగూకినాక మిల్లాయన తీసుకోడని గూడా తెలుసు."

వాడి ముఖం చూశాను. నవ్వడం లేదు. నీకెవరు చెప్పినారని అడిగాను.

"ఎవరు చెప్పలేదో అడుగు. బోరు లారీని తోటలోకి పిలిచినారని తెలిసినోళ్ళకి, బండి యాడికి పోతాందో తెలీదా? నువ్వొక్కనివే దాన్ని తోలుకొని పోతాంటే బజారంతా అయ్యో అనేది. ఇద్దరం ఎగబడి పోతాంటే పందెం అనుకున్నారు. అందుకే గదా నేనొచ్చింది." ఆవిరి వైపు చూశాడు. "ఇప్పుడు లేస్తావా, నీ వొళ్ళో కూసొని నడపమంటావా?"

నేను లేచాను. వాడు నా కాలి పక్కనుంచి తన కాలు బ్రేకు మీదికి దూర్చాడు. నేను తలుపు మీదుగా ఇవతలికి దిగాను. లారీ డ్రైవరు క్లీనరుతో ఏదో అన్నాడు, నేను వినలేదు. ఖాజా గేరుకర్రను రెండుసార్లు మెత్తగా కదిపి, నాకు తెలియని ఏదో సందులోకి దించాడు. చెయ్యి పైకెత్తి రాయి తీయమన్నాడు. రాయి తీసింది నేనే. చిన్నబండి వెనక్కి నడిచింది. అంతవరకూ అది ముఖం మనవైపే పెట్టి దూరం పోవడం చూసినవాళ్ళు లేరు. రోడ్డు మధ్య నిలబడి నేను చూశాను. దాని రెండు దీపాలు నా వైపే తిరిగి, నన్ను చూస్తూ, దూరమవుతూ పోయాయి. ఖాజా మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, ఒక చెయ్యి సీటు మీద వేసి, సున్నం కొట్టిన రాళ్ళ వెంబడి బెత్తెడు తేడా రాకుండా తీసుకుపోయి తన బండి పక్కన పెట్టాడు. వాడి చిన్నప్పటి కోరిక అట్లా తీరింది. అది అడిగి తీర్చుకున్నది కాదు గనక వాడు సంతోషించినట్టు నాకు కనపడలేదు.

లారీ పోయింది, బస్సు పోయింది. ఇంజను ఆపకుండా, మూతమీద తడిగుడ్డ వేసి, కొంచెం కొంచెంగా నీళ్ళు పోశాం. ముల్లు దిగడానికి చాలాసేపు పట్టింది. దిగిరమ్మని నేను అనకుండానే వాడు దిగాడు. దిగుడులో నేను ముందు, వాడు వెనక. దాటగలిగిన చోట కూడా వాడు దాటలేదు. నాకు కోపం వచ్చింది, చెయ్యి ఊపి రమ్మన్నాను. అప్పుడు వచ్చాడు, అప్పుడు నిజంగానే పోటీ పడ్డాం. పచ్చర్ల దాకా ఆ మలుపుల్లో నేను నడిపినట్టు ఆ తర్వాత ఏ బండినీ నడపలేదు. పచ్చర్ల దాటి రోడ్డు విశాలమైన చోట వాడు చెయ్యి చూపి ఆపించాడు. పక్కన కూర్చుని వెనక గేరు ఎట్లా పడుతుందో చూపించాడు. కర్ర ఎత్తడం, ఒక క్షణం ఆగడం, అప్పుడు దించడం. నాకు వచ్చేదాకా చేయించాడు. ఇక్కడ ఎవరూ లేరులే మామా, అన్నాడు.

పొద్దుగూకకముందే నంద్యాల చేరాం. మిల్లాయన చుట్టూ తిరిగి చూశాడు, ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాడు, ఘాట్ ఎట్లా ఎక్కిందని అడిగాడు. బాగా ఎక్కిందన్నాను. ఆయన షెడ్డుకు ఒకటే తలుపు. వెనక్కి పెట్టి లోపలికి తీసుకురండి, ముఖం బయటికుంటే చూడ్డానికి బాగుంటుంది, అన్నాడు. ఖాజా నా వైపు చూసి రోడ్డు వైపు నడిచిపోయాడు. నేనే పెట్టాను. ఎక్కడా తగలలేదు.

తిరుగు దారిలో ఖాజా పక్క సీట్లో వచ్చాను. ఫైబరు బండి ఒళ్ళు గడగడలాడుతుంటే వాడు పలకల గురించి, నాపరాయి గురించి, వాళ్ళ చెల్లెలి చదువు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంట్లో నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఖాజాను చూసి లోపలికి రమ్మని, కాఫీ ఇమ్మని చెప్పాడు. నన్ను ఒకటే అడిగాడు.

"ఘాట్లో ఏమన్నా ఇబ్బంది పెట్టిందా?"

"లేదు నాయనా."

ఆయన తల ఊపాడు. ఖాజా కాఫీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది. పోయిన నెల గేటు దాటాక ఖాజా కారు ఆపి, నన్ను ఎక్కించుకుని గిద్దలూరు అవతల ఘాట్ దాకా తిప్పుకొచ్చాడు. వాడి ఎర్ర కారు మలుపుల్లో జారదు, వేడెక్కదు, వాసన రాదు. ఎదురుబండి వస్తే రెండూ తమ తమ పక్కన పోతాయి, ఎవరూ ఎవరికీ తప్పుకోనక్కర లేదు. మంచిదే. ఎవరికి దారి ఇవ్వాలి, ఎవరు ఇవ్వాలి అన్న లెక్క లేని రోడ్డు మీద మా తాత ఏం చేసేవాడో నాకు తెలియదు. ఆ మలుపు ఎక్కడని నేను అడగలేదు. అక్కడికొచ్చాక వాడు కొంచెం వేగం తగ్గించాడు.

చిన్నబండి పోయిన మర్నాడు బోరు లారీ తోటలోకి వచ్చింది. నాయన గొడుగు వేసుకుని దాని పక్కనే నిలబడ్డాడు. దిగినంత లోతుకూ తెల్లటి రాతిపొడి వచ్చింది, తడి రాలేదు. ఆ ఎండాకాలంలోనే బత్తాయి చెట్లను పొదిలి వైపు పొగాకు కాల్చే బ్యారన్లకు కట్టెల కింద అమ్మేశాం. మొదళ్ళు తవ్వి తీసిన తర్వాత నేల కూడా అమ్మేశాం.